ఎర్ర బండి మీద మనసు పడిందా? అయితే ఒక్క ప్రశ్న అడగండి!

"ముందు ఉద్యోగం చూసుకో, తర్వాత బండి సంగతి చూద్దాం." తిరువూరులో అయినా, మైలవరంలో అయినా, బోర్డర్ దాటి సత్తుపల్లిలో అయినా బండి పిచ్చి ఉన్న ప్రతి కుర్రాడూ ఇంట్లో వినే మాట ఇదే. అమ్మాయిలకైతే ఇంకోటి కూడా కలుస్తుంది: "నీకెందుకే బండి గోల?" కాలేజీలోనూ అంతే. మెకానికల్ చదువుతూ డుకాటీ గురించి మాట్లాడితే, "రేయ్, ముందు జావా నేర్చుకోరా" అని పక్కవాడు సలహా పడేస్తాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. బండి మీద ప్రేమ టైమ్‌పాస్ కాదు. ఇంజినీరింగ్ విద్యార్థికి అంతకంటే మంచి మొదటి పాఠం దొరకడం కష్టం. చిక్కల్లా ఎక్కడంటే, మనలో చాలామంది ఆ ప్రేమని వాల్‌పేపర్ దగ్గరే ఆపేస్తాం. "అబ్బ, ఏం సౌండురా!" అంటాం. "ఆ సౌండ్ అలా ఎందుకుంది?" అని మాత్రం అడగం. ఆ 'ఎందుకు' అనే ఒక్క మాటలోనే మీ ప్రాజెక్టు, మీ రెజ్యూమె, అదృష్టం బాగుంటే మీ ఉద్యోగం కూడా ఉన్నాయి.

ప్రేమ చెవిలో మొదలవుతుంది

ఎన్‌హెచ్ 30 మీద మామిడికాయల లారీలు, ఆర్టీసీ బస్సులు, ట్రాక్టర్లు రోజూ కనిపిస్తాయి. డుకాటీ పానిగాలే కనిపిస్తే మాత్రం ఆ రోజు ఊరంతా అదే ముచ్చట. అంటే మనలో ఎక్కువమందికి ఇటలీ బండి మీద తొలిప్రేమ రోడ్డు మీద పుట్టేది కాదు. రాత్రి పదకొండింటికి, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఏదో రీల్‌లో ఎగ్జాస్ట్ శబ్దం విన్నప్పుడు పుడుతుంది.

ఇందులో తప్పేం లేదు. డుకాటీ కథ కూడా శబ్దంతోనే మొదలైంది. 1926లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టిన ఈ కంపెనీ మొదట చేసింది బళ్లు కాదు, రేడియో విడిభాగాలు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడికి ఫ్యాక్టరీ దెబ్బతింది. యుద్ధం అయ్యాక జనానికి చవకగా తిరిగే సాధనం కావాల్సి వచ్చింది. అప్పుడు సైకిల్‌కి బిగించుకునే 48 సీసీ చిన్న ఇంజిన్ తయారుచేశారు. దాని పేరు 'కుచ్చోలో', అంటే కుక్కపిల్ల. ఎగ్జాస్ట్ చప్పుడు బుల్లి కుక్కపిల్ల అరుపులా ఉందని ఆ పేరు!

ఇప్పుడు అసలు ప్రశ్న. డుకాటీ ట్విన్ సిలిండర్ బండి శబ్దం మిగతావాటికంటే ఎందుకు వేరుగా ఉంటుంది? రెండు సిలిండర్లు 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌కి ఒక పూర్తి సైకిల్ అంటే క్రాంక్ రెండు చుట్లు, 720 డిగ్రీలు. మామూలు నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్ ఇంజిన్‌లో ప్రతి 180 డిగ్రీలకీ ఒక పేలుడు. అంతా సమానంగా ఉంటుంది కాబట్టి కుట్టుమిషన్‌లా ఒకే ధారగా వినిపిస్తుంది. డుకాటీ ట్విన్‌లో ఒక పేలుడు తర్వాత రెండోది 270 డిగ్రీలకి, ఆ తర్వాతది 450 డిగ్రీలకి. దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి. డప్పు మీద దరువు వేసినట్టు 'దడ్-దడ్... దడ్-దడ్'. మీ గుండెని లాగింది ఆ గ్యాప్. అంతే.

ఇంకో సంగతి చెప్తా వినండి. ఈ 270-450 లెక్క వినడానికి ఇటలీ దాకా పోనక్కర్లేదు. చెన్నైలో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650లో సిలిండర్లు పక్కపక్కనే ఉంటాయి, కానీ క్రాంక్‌ని 270 డిగ్రీల తేడాతో పెట్టారు. కాబట్టి పేలుళ్ల మధ్య దూరం అచ్చం 90 డిగ్రీల వి-ట్విన్‌లో ఉన్నంతే. ఇలాంటి బండి మీ చుట్టుపక్కల ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది.

స్ప్రింగ్‌ని నమ్మని ఇంజినీరు

డుకాటీ అనగానే అభిమానులు చెప్పే ఇంకో మాట 'డెస్మో'. చాలామందికి అది ఏదో మంత్రం. నిజానికి మీ సెకండ్ ఇయర్ పుస్తకంలో ఉన్న విషయమే. మామూలు ఇంజిన్‌లో వాల్వ్‌ని క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగ్ మూస్తుంది. ఆర్‌పీఎం బాగా పెరిగితే స్ప్రింగ్ ఆ వేగాన్ని అందుకోలేదు. వాల్వ్ సమయానికి మూసుకోక గాల్లో తేలుతుంది. పవర్ పడిపోతుంది, ఒక్కోసారి పిస్టన్ వచ్చి వాల్వ్‌ని కొడుతుంది.

1954లో డుకాటీలో చేరిన ఫాబియో తాల్యోనీ అనే ఇంజినీరు దీనికి వేరే దారి పట్టాడు. వాల్వ్‌ని మూసే పని కూడా క్యామ్‌కే అప్పగించాడు. తెరవడానికి ఒక రాకర్, మూయడానికి ఇంకో రాకర్. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, అంతకుముందే ఉంది. రేసుల్లో నిలబడేలా, తర్వాత మామూలు జనం కొనే బండిలో పనిచేసేలా మలచడం ఆయన గొప్పతనం. 1956లో 125 సీసీ డెస్మో బండి స్వీడన్ గ్రాండ్‌ప్రీలో దిగిన మొదటి రేసే గెలిచింది. 1968కి రోడ్డు మీద తిరిగే డుకాటీల్లోకి కూడా వచ్చేసింది.

ఇక్కడితో ఆగిపోతే మీరు అభిమాని మాత్రమే. ఇంకో అడుగు వేయండి. ఇంత పేరు తెచ్చిన డెస్మోని డుకాటీయే 2020లో మల్టీస్ట్రాడా వీ4 ఇంజిన్‌లో పక్కన పెట్టింది. మళ్లీ స్ప్రింగులే వాడింది. ఎందుకు? స్ప్రింగుల తయారీ ఇప్పుడు చాలా మెరుగైంది. దూరప్రయాణాల బండి కొనేవాళ్లకి సర్వీసు ఖర్చు తగ్గాలి. ఆ ఇంజిన్‌లో వాల్వ్ క్లియరెన్స్ చెకింగ్ 60,000 కిలోమీటర్లకి ఒకసారే. సంప్రదాయం గొప్పదే, కానీ వాడేవాడి అవసరం ముందు దాన్ని కూడా లెక్క కట్టారు. ఇంజినీరింగ్ అంటే ఇదే కదా!

కంటికి నచ్చింది... ఎందుకు?

అందం సంగతికొస్తే 1994లో వచ్చిన డుకాటీ 916 గురించి చెప్పుకోవాలి. దాన్ని డిజైన్ చేసింది మాసిమో తంబురిని. ఈయన అంతకుముందు ఇద్దరు భాగస్వాములతో కలిసి రిమినిలో పెట్టిన కంపెనీ పేరు బిమోటా. మొదట వాళ్ల వ్యాపారం ఏంటో తెలుసా? బిల్డింగులకి హీటింగ్, గాలి గొట్టాలు బిగించడం. రేసు బండి ఫ్రేములు ఆ తర్వాత వచ్చిన పిచ్చి.

916ని చూడగానే కళ్లు పడేది వెనక చక్రం మీద. ఒకవైపే పట్టుకుని ఉంటుంది, రెండోవైపు ఖాళీ. సైలెన్సర్లు సీటు కిందకి వెళ్లిపోయాయి. స్టైల్ కోసం చేశారనుకుంటాం. కానీ ఒకవైపు స్వింగార్మ్ ఉంటే ఎండ్యూరెన్స్ రేసుల్లో చక్రం గబగబా మార్చొచ్చు. సైలెన్సర్లు పైకి పోతే వంపుల్లో బండి వాలినప్పుడు నేలకి తగిలే బెడద ఉండదు, బండి సన్నగానూ కనిపిస్తుంది. ఇలా ప్రతి అందం వెనకా ఏదో ఒక అవసరం దొరుకుతుంది. వెతకడమే మీ పని.

ఇటలీ మన తాతల ఇంట్లోనే ఉంది

"ఇవన్నీ డబ్బున్నోళ్ల బళ్లు బాసూ, మనకెందుకు?" అంటారా? అయితే ఇంట్లో తాతయ్యని అడగండి, స్కూటర్‌ని పక్కకి వంచి కిక్ కొట్టిన రోజుల గురించి. ఆ స్కూటర్ ఇటలీదే!

1946లో పియాజియో కంపెనీ కోసం వెస్పాని గీసిన కొర్రాడినో దస్కానియో విమానాల ఇంజినీరు. మోటార్‌సైకిళ్లంటే ఆయనకి పడేది కాదు. చెయిన్ ఆయిల్‌తో బట్టలు పాడవుతాయి, టైరు మార్చడం నరకం అని విసుగు. అందుకే చెయిన్ తీసేశాడు, కాళ్లు పెట్టుకునే చోటు ఖాళీగా ఉంచాడు, చక్రాన్ని విమానం చక్రంలా ఒకవైపే బిగించాడు. స్టెప్నీ మార్చడం అంత తేలికైంది అందుకే. 916 చక్రం చూసి మనం నోరెళ్లబెట్టాం గానీ, ఒకవైపు పట్టుకున్న చక్రం మన ఇళ్ల ముందు ఎప్పటినుంచో ఉంది.

1960ల నుంచి బజాజ్ పియాజియో లైసెన్సుతో మన దేశంలో వెస్పాలు తయారుచేసింది. 1971లో లైసెన్సు అయిపోయాక చేతక్ వచ్చింది, ఒంట్లో ఉన్నది అదే రక్తం. ఇటలీదే అయిన లాంబ్రెట్టా ఇంకో దారిలో వచ్చింది. దాని యంత్రాలు కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా విజయ్ సూపర్ తీసింది. హైదరాబాద్‌లో ఆల్విన్ పుష్పక్ అని ఒక స్కూటర్ వచ్చేది, అది కూడా లాంబ్రెట్టా సంతానమే. మన మాస్టార్లూ, బ్యాంకు గుమాస్తాలూ సంవత్సరాల తరబడి నడిపింది ఇటలీ ఆలోచననే.

ఇప్పటి కథ ఇంకా దగ్గర. అప్రీలియా ఆర్‌ఎస్ 457 డిజైన్ ఇటలీది, తయారీ మహారాష్ట్రలోని బారామతిది. 2023 డిసెంబర్‌లో 4.10 లక్షల ఎక్స్‌షోరూం ధరతో వచ్చింది. బారామతి నుంచే విదేశాలకూ వెళ్తోంది. అన్నట్టు దీని క్రాంక్ కూడా 270 డిగ్రీలే. 1911లో పెసారోలో ఒక తల్లి తన ఆరుగురు కొడుకుల కోసం పెట్టించిన వర్క్‌షాపుతో మొదలైన బెనెల్లి ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో ఉంది. 2018 నుంచి మన దేశంలో దాని వ్యవహారమంతా హైదరాబాద్ కేంద్రంగా నడుస్తోంది. అంటే మీరు ప్రేమించే బండిని బిగించే చేతులు మనవే. ఆ చేతుల్లో మీవి ఎందుకు ఉండకూడదు?

కానీ కోర్ ఉద్యోగాల్లో జీతం ఏది?

ఈ ప్రశ్న న్యాయమైనది, దాటేయను. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్ సర్వీసులవే. "ఏ బ్రాంచ్ అయినా పర్లేదు" అంటాయి. ఆటోమొబైల్ వైపు వెళ్తే మొదటి జీతం తక్కువ ఉండొచ్చు. ఊరు వదిలి చాకన్, హోసూర్, ఒరగడం, శ్రీసిటీ లాంటి చోట్లకి పోవాలి. షిఫ్టులు ఉంటాయి. ఇంట్లో అప్పులుంటే, చెల్లి పెళ్లి ఉంటే, మొదట దొరికిన ఉద్యోగంలో చేరడం తెలివైన పనే. దానికి సిగ్గుపడాల్సింది లేదు.

కానీ "సాఫ్ట్‌వేర్ లేదా బండి" అని గీత గీసుకోవడం మాత్రం పాతకాలపు ఆలోచన. ఇందాక చెప్పిన మల్టీస్ట్రాడా వీ4లో ముందూ వెనకా రాడార్ ఉంది. మోటార్‌సైకిల్‌కి రెండువైపులా రాడార్ పెట్టి అమ్మడం అదే మొదలు. బండి ఎంత వాలిందో క్షణక్షణం కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని చూసి బ్రేకుని, వెనక చక్రం జారుడుని అదుపు చేసేది కోడే. కాబట్టి సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్లకి కూడా ఇందులో చోటుంది. ఎంబెడెడ్ సీ, క్యాన్ ప్రోటోకాల్, కంట్రోల్ సిస్టమ్స్ నేర్చుకున్నవాళ్లు బెంగళూరు, హైదరాబాద్‌లలోని ఆటోమోటివ్ టీముల్లోకి వెళ్లొచ్చు. సర్వీసు కంపెనీలో చేరినా, ప్రాజెక్టు అడిగే అవకాశం వస్తే ఆటోమోటివ్ అని అడగండి.

ప్రభుత్వ ఉద్యోగం కావాలా? అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకి పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మెకానికల్, ఆటోమొబైల్ వాళ్లే అర్హులు. డ్రైవింగ్ లైసెన్సు కూడా అడుగుతారు. అందుకే లైసెన్సు పని వాయిదా వేయకండి.

ఈ నెలలోనే చేయగలిగేవి

ఒకటి, సౌండ్ ప్రాజెక్టు. పైసా ఖర్చు లేదు. ఏదైనా బుల్లెట్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్‌లో పది సెకన్లు రికార్డ్ చేయండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేసి శిఖరాలు లెక్కపెట్టండి. సింగిల్ సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. 1,200 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకి 10 పేలుళ్లు. మీ లెక్క నుంచి వెనక్కి వెళ్లి ఆర్‌పీఎం కనుక్కోండి. తర్వాత ఇంటర్‌సెప్టర్‌ని రికార్డ్ చేయండి. అదే 1,200 దగ్గర గ్యాపులు ఒకటి 37.5 మిల్లీసెకన్లు, ఇంకోటి 62.5 మిల్లీసెకన్లు రావాలి. వస్తే మీరు ఇటలీ దరువుని కాగితం మీద పట్టుకున్నట్టే. పైథాన్ వచ్చినవాళ్లు అదే పనిని కోడ్‌తో చేయండి.

రెండు, విజయవాడ ఆటోనగర్. సెలవుల్లో రెండు వారాలు ఏదైనా షెడ్‌లో మేస్త్రీ పక్కన నిలబడండి. "అన్నా, నేర్చుకోడానికి వచ్చా, జీతం వద్దు" అంటే ఎక్కడో ఒకచోట చోటిస్తారు. మొదటి రోజు స్పానర్ అందించడమే పని. పర్లేదు. టార్క్ ఎక్కువైతే బోల్టు ఎలా తెగుతుందో పుస్తకం చెప్పదు, చెయ్యి చెప్తుంది.

మూడు, మీ కాలేజీలో బాహా ఎస్‌ఏఈ ఇండియా టీమ్ ఉందేమో చూడండి. లేకపోతే పెట్టించండి. విద్యార్థులే బండి డిజైన్ చేసి, వెల్డింగ్ చేసి, పోటీకి తీసుకెళ్లాలి. ఖర్చు రిపోర్టు కూడా వాళ్లే రాయాలి. ఐసీ ఇంజిన్ల మీద ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం.

ఇవి చేశాక ఇంటర్వ్యూలో తేడా చూడండి. "హాబీ: బైక్ రైడింగ్" అని రాసినవాళ్లు వందమంది ఉంటారు. "సార్, రెండు ఇంజిన్ల ఫైరింగ్ ఇంటర్వల్‌ని ఫోన్ రికార్డింగ్‌తో కొలిచా, నాలుగు శాతం తేడా వచ్చింది, ఎందుకంటే..." అని చెప్పగలిగేవాళ్లు ఎందరు? ఆ 'ఎందుకంటే' దగ్గర ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకి జరుగుతారు.

కొనడం సంగతి?

ఇక్కడ కాస్త కటువుగా చెప్తా. నాలుగు లక్షల లోన్, పది శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుందాం. నెలకి దాదాపు 8,500 రూపాయల ఈఎంఐ. మొత్తం కట్టేది 5.1 లక్షలు. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, హెల్మెట్, జాకెట్ అదనం. మూడున్నర లక్షల ప్యాకేజీతో హైదరాబాద్‌లో రూమ్ అద్దె కట్టుకుంటూ ఇది మోయగలరా? కాగితం మీద వేసుకోండి. నాన్న పేరు మీద లోన్ పెట్టించి, ఆ ఏడాది మామిడి దిగుబడి బాగుండాలని మొక్కుకోవడం ప్రేమ అనిపించుకోదు. పెద్దవాళ్లు "ముందు ఉద్యోగం" అనేది మన ఇష్టం మీద కోపంతో కాదు, ఈ లెక్క వాళ్లకి తెలుసు కాబట్టి.

ఇంకోటి. రీల్‌లో బండి నడిపేది ట్రాక్ మీద. 2023లో గ్రేటర్ నోయిడాలో భారత్ మోటోజీపీ జరిగినప్పుడు డుకాటీ మీద మార్కో బెజెక్కి గెలిచాడు. అక్కడ ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం రాదు. ఎన్‌హెచ్ 30 మీద రెండూ వస్తాయి. వేగం కావాలంటే ట్రాక్ డేకి డబ్బు దాచుకోండి.

బండి కొనే రోజు వస్తుందో రాదో మీ సంపాదన తేలుస్తుంది. బండి నుంచి నేర్చుకోడానికి మాత్రం ఈ రోజే చాలు. ఈ రాత్రి మళ్లీ ఆ ఎర్ర బండి మీ స్క్రీన్ మీదకి వస్తుంది, అల్గారిథమ్ ఊరుకోదు కదా! లైక్ కొట్టి పైకి తోసేయకండి. ఒక నోట్‌బుక్ తీయండి. "ఇది అలా ఎందుకుంది?" అని ఒక్క లైన్ రాయండి. జవాబు వెతకడం రేపు ఉదయం మొదలుపెట్టండి.